తెర మీద హార్లే... మా ఎస్.కోటలో మీటియర్!

క్రూయిజర్ అన్న మాట వినగానే సినీ ప్రియులకి గుర్తొచ్చే దృశ్యం ఒకటే కదండీ! బారుగా సాగిపోయే రోడ్డు, కాళ్ళు ముందుకి చాపుకుని తాపీగా వెళ్ళిపోయే హీరో, వెనకాల ఎగిరే దుమ్ము. 1969లో వచ్చిన 'ఈజీ రైడర్'లో పీటర్ ఫోండా అలాగే లాస్ ఏంజిల్స్ నుంచి న్యూ ఆర్లియన్స్ దారి పట్టాడు. 1991లో 'టెర్మినేటర్ 2'లో ఆర్నాల్డ్ హార్లే ఫ్యాట్ బాయ్ మీద వస్తుంటే ఈల వెయ్యని కుర్రాడు లేడు. మన దేశంలో 1973 నాటి 'బాబీ' పుణ్యమా అని రాజ్‌దూత్ జి.టి.ఎస్. అనే బుల్లి బండికి ఆ సినిమా పేరే స్థిరపడిపోయింది. 2018లో అయితే ఏకంగా బండి పేరే మన తెలుగు సినిమా పేరయి కూర్చుంది: 'ఆర్.ఎక్స్. 100'!

ఇన్ని చూశాక మనసు ఊరుకుంటుందా? ఎట్టకేలకు నేనూ ఒక క్రూయిజర్ కొన్నాను. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350. ఊరు విజయనగరం జిల్లా శృంగవరపుకోట. మీటరులో వెయ్యి కిలోమీటర్లు దాటింది. "ఎలగుంది గురూ బండి?" అని అడిగేవాళ్ళు ఎక్కువైపోయారు. అందుకని అందరికీ కలిపి ఇదే జవాబు.

ముందు డబ్బు సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సి.సి. దాటని మోటారు సైకిళ్ళ మీద జి.ఎస్.టి. 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. మీటియర్ ఇంజను 349 సి.సి. అంటే ఒక్క సి.సి. తేడాతో గట్టున పడిందన్నమాట! అయినా రోడ్డెక్కేసరికి రెండు లక్షలు దాటింది. కొంత రొక్కం, మిగతాది వాయిదాలు. బండిని చూసి మా నాన్నగారు అడిగిన మొదటి ప్రశ్న మైలేజీ గురించి కాదు. "ఒరే, ఇది నీదా, బ్యాంకోడిదా?" అన్నారు. రెండూ నిజమే!

క్రూయిజర్లు మనకి మరీ కొత్తేం కాదు. 2001లో బజాజ్ వారు కవాసకితో కలిసి ఎలిమినేటర్ తెచ్చారు. 2005లో అదే పోలికతో అవెంజర్ వచ్చింది. 2002లో వచ్చిన థండర్‌బర్డ్ ఎన్‌ఫీల్డ్ వారిది. దాని స్థానంలోకే 2020 నవంబరులో మీటియర్ దిగింది. ఆ పేరు కూడా పాతదే. 1950లలో ఇంగ్లండులో తయారైన రెండు సిలిండర్ల ఎన్‌ఫీల్డు పేరది.

ఇక కూర్చుంటే ఎలా ఉంటుంది? సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లే. ఓ మాదిరి పొడుగు వాళ్ళకి కూడా రెండు పాదాలూ నేలకి ఆనతాయి. హ్యాండిలు చేతికందేట్టు వెడల్పుగా ఉంటుంది. కాళ్ళు కాస్త ముందుకి పెట్టుకోవాలి. అచ్చం పడక్కుర్చీ సుఖం! అయితే బరువు 191 కిలోలు. కదుల్తున్నంతసేపూ ఆ బరువు తెలియదు. సంతరోజున ఇరుకు సందులో ఆపి, వెనక్కి నెట్టాల్సొచ్చినప్పుడు మాత్రం ప్రతి కిలో లెక్కకొస్తుంది.

మరో ముచ్చట. కాళ్ళు ముందుకున్నాయి గనక గుంత వస్తే పెడళ్ళ మీద లేచి నిలబడే వీల్లేదు. ఇది క్రూయిజర్ జాతి లక్షణం. గుంతని ముందే చూసి నిదానించాలి, లేకపోతే జవాబు వెన్నుపూస చెబుతుంది.

ఇంజనులో పిస్టను నడక పొడుగు. సిలిండరు వెడల్పు 72 మిల్లీమీటర్లయితే పిస్టను 85.8 మిల్లీమీటర్లు కిందికీ పైకీ నడుస్తుంది. అందువల్ల లాగుడు బలం తక్కువ తిరుగుళ్ళలోనే దొరుకుతుంది. నిమిషానికి 4000 తిరుగుళ్ళకే 27 న్యూటన్ మీటర్లు! బస్సు వెనకాల నలభైలో పోతున్నా ఇంజను విసుక్కోదు. మొదటి 500 కిలోమీటర్లకి సర్వీసు అయ్యేదాకా ఎక్కువ తిప్పకుండా నడిపాను. ఆ నిదానంలోనే ఈ బండి రుచి తెలిసింది. రేసులాడే మనసున్నవాళ్ళు వేరే బండి చూసుకోవడం మంచిది.

అసలు పరీక్ష ఘాట్ రోడ్డు మీద. మా ఊరు అరకు దారిలో ఉంది. బొడ్డవర, కాశీపట్నం దాటాక కొండ మొదలు. టైడా, అనంతగిరి మీదుగా మలుపు మీద మలుపు. తిన్నని రోడ్డు కోసం పుట్టిన పొడుగాటి బండి ఇది. పాములాంటి మలుపులో చిన్న బండి తిరిగినంత చటుక్కున తిరగదు. మలుపుకి ముందే వేగం తగ్గించాలి, చూపు మలుపు చివర ఉండాలి, మన ఎడమ పక్కకే కట్టుబడాలి. దిగేటప్పుడు రెండో గేరులో ఉంచితే ఇంజనే సగం పట్టుకుంటుంది, బ్రేకులు వేడెక్కవు. రెండు చక్రాలకీ ఎ.బి.ఎస్. ఉన్నా తడి ఆకుల మీద అది దేవుడేం కాదు. పొగమంచులో ఎదురుగా లారీ వచ్చినప్పుడు ఒళ్ళు ఝల్లుమంది. ఈలలూ లేవు, రెండో టేకూ లేదు!

అన్నట్టు, తెరమీద హీరోగారి జుట్టు ఎగురుతూ, ముఖం మాత్రం కదలకుండా కనపడే క్లోజప్ ఉంటుంది చూశారూ? చాలాసార్లు ఆ బండిని ఓ పల్లపు ట్రాలీ మీద బిగించి, కెమెరా బండితో లాగిస్తారు. నడిపేది ఆయన కాదు, అందుకే హెల్మెట్ అక్కర్లేదు. కింద పడేది ఫైటరు, లోపల మెత్తలు కట్టుకుని మరీ పడతాడు. మనకి ట్రాలీ లేదు, మెత్తలూ లేవు. ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్న హెల్మెట్ ఒకటి మనకి, ఒకటి వెనక కూర్చునేవారికి. చట్టం చెప్పేది కూడా ఇద్దరికీ అనే.

నాన్నగారిని వెనక ఎక్కించుకుని పుణ్యగిరి తీసుకెళ్ళాను. హెల్మెట్ పెట్టుకోనని కాసేపు మారాం చేసి, చివరికి పెట్టుకున్నారు. దిగాక తీర్పు చెప్పారు: "కూకుంటే కుర్సీలో కూకున్నట్టే ఉన్నాది. గేదెలాగ నిదానంగా ఎల్తన్నాది, అదే బావుంది. నువ్వు కూడా అలగే ఉండు."

వెయ్యి కిలోమీటర్ల అనుభవంతో నా మాట కూడా దాదాపు అదే. లీటరుకి ముప్పై అయిదుకి అటూ ఇటూ ఇస్తోంది, రోజూ పనికి పోవడానికి లోటు లేదు. కొనాలనుకునే మిత్రులు ముందు సినిమా చూసి కాదు, ఘాట్ దారిలో ఒకసారి ఎక్కి చూసి నిర్ణయించుకోండి. వాయిదా కట్టగలరో లేదో లెక్క వేసుకోండి. హెల్మెట్ల ఖర్చు కూడా ఆ లెక్కలోనే వేసుకోండి. ఆ తర్వాత స్టయిలంటారా, అది ఈ బండి మీద నిదానంగా వెళ్ళేవాడికే ఎక్కువ!