అరవై దాటినా నవ్వించేవారి ఆరోగ్యం



కృష్ణానగర్‌లో తెల్లవారుజామున షూటింగు బండి కోసం ఎదురుచూసేవారిలో తల నెరిసినవారు కూడా ఉంటారు. టీవీ సీరియల్లో తాతయ్యగా, కామెడీ స్కిట్‌లో ఇంటి ఓనరుగా, పెళ్ళిళ్ళ పేరయ్యగా కనిపించి మనల్ని నవ్వించేది వీరే. తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగికి 2021 నుండి పదవీ విరమణ వయసు 61 సంవత్సరాలు. నటులకు అలాంటి తేదీ ఏదీ లేదు. పిలుపు వచ్చినంతకాలం పని ఉంటుంది. కొందరికి అది ఇష్టం, చాలామందికి అవసరం. కనుక "ఈ వయసులో మానేయండి" అని మేము చెప్పము. ఒంటికి హాని లేకుండా ఎలా చేయాలో మాత్రం చెబుతాము.

నవ్వించడానికి వయసు అడ్డు కాదు. అమెరికా నటి బెట్టీ వైట్ 2010లో 'హాట్ ఇన్ క్లీవ్‌లాండ్' అనే టీవీ హాస్య ధారావాహికలో చేరినప్పుడు ఆమెకు 88 ఏళ్ళు. అది 2015లో ముగిసేనాటికి 93. మన బైబిలులో కాలేబు కొండసీమను అడిగి తీసుకున్నది 85వ యేట.

అయితే మన తెలుగు టీవీలోనే ఒక హెచ్చరిక కూడా ఉంది. 2001 నుండి 2007 వరకు జెమినీ టీవీలో వచ్చిన 'అమృతం'లో అంజి పాత్రను గుండు హనుమంతరావు గారు వేశారు. ఆయన మూత్రపిండాల జబ్బుతో బాధపడి 2018 ఫిబ్రవరిలో 61 ఏళ్ళకే కన్నుమూశారు. 2020లో 'అమృతం ద్వితీయం' వచ్చినప్పుడు ఆ అంజి పాత్రను ఎల్.బి. శ్రీరామ్ గారు 67 ఏళ్ళ వయసులో వేశారు. అంటే ఆ పని చేయడానికి అరవై ఏడేళ్ళు ఎక్కువేమీ కాదు. ఒంట్లో కిడ్నీలు, గుండె సహకరించాలి, అంతే.

కిడ్నీ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు. కాళ్ళ వాపు, ఆయాసం కనబడేసరికి చాలా ఆలస్యమవుతుంది. ఎక్కువమందిలో దానికి కారణం అదుపులో లేని షుగరు, బీపీ. ఈ రెండూ ఉన్నవారు ఏడాదికి ఒకసారైనా రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకోవాలి. రోజంతా నిలబడి మోకాళ్ళు నొప్పి పుట్టినప్పుడు మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొని మింగడం మామూలైపోయింది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి డాక్టరు సలహా లేకుండా తరచూ వాడితే కిడ్నీలు దెబ్బతింటాయి.

షుగరు బిళ్ళ వేసుకున్నాక, లేదా ఇన్సులిన్ తీసుకున్నాక, షాట్ ఆలస్యమైందని భోజనం మానకండి. చెమటలు, వణుకు, తడబడే మాట వస్తే రక్తంలో చక్కెర పడిపోయిందని అర్థం. కామెడీ సెట్‌లో దీన్ని చూసి డైలాగు మర్చిపోయారనో, నటిస్తున్నారనో అనుకునే ప్రమాదం ఉంది. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించాలి. 15 నిమిషాల్లో తగ్గకపోతే మళ్ళీ ఇవ్వాలి. తేరుకున్నాక భోజనం పెట్టాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి. జేబులో నాలుగు గ్లూకోజ్ బిళ్ళలు ఉంచుకోవడం మంచిది.

లొకేషన్‌లో మరుగుదొడ్డి సరిగా లేదని మన అక్కచెల్లెళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు. లైట్ల వేడికి అది చాలా ప్రమాదం. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కూడా వస్తుంది. ముట్లు ఆగిన స్త్రీలకు ఎముకలు పలచబడతాయి గనుక, జారిపడే సీను చేయమంటే "పరుపు వేయండి, లేదా వేరేవారితో చేయించండి" అని మొహమాటపడకుండా అడగండి. తుంటి ఎముక విరిగితే ఆ వయసులో మళ్ళీ లేచి నడవడం కష్టం.

గొంతు బొంగురు మూడు వారాలు దాటితే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాలి. డైలాగులు గుర్తుండడం లేదంటే "ముసలితనం" అని వదిలేయవద్దు. వినికిడి తగ్గడం, నిద్ర చాలకపోవడం, థైరాయిడ్, బి12 లోపం వల్ల కూడా అలా అవుతుంది. ఇవి మందులతో, పరికరాలతో చక్కబడేవే.

కుటుంబ సభ్యులకు ఒక మాట. నాన్నగారు పని వదులుకోవాల్సి వస్తుందేమోనని జబ్బు దాచిపెడుతున్నారేమో గమనించండి. కోప్పడకండి. తోడు వచ్చి పరీక్షలు చేయించండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. అర్హత ఉన్నవారు కార్డు సిద్ధంగా ఉంచుకోండి.

నవ్వించడం కూడా ఒక సేవే. ఆ సేవ చేసేవారి శరీరాన్ని కాపాడుకోవడం మనందరి బాధ్యత. దేవుడు మిమ్మును దీవించును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్