వేడిని చూసే రేకు

ఈసారి మన హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో కరెంటు పోయినప్పుడు ఒక పని చేసి చూడండి. టీవీ రిమోట్ కొసను ఫోన్ సెల్ఫీ కెమెరా వైపు తిప్పి బటన్ నొక్కండి. కంటికి ఏమీ కనపడదు గానీ, చాలా ఫోన్లలో తెర మీద చిన్న చుక్క మిణుకుమంటుంది. అది సుమారు 940 నానోమీటర్ల పరారుణ కాంతి. కెమెరాలోని సిలికాన్‌కు అది అందుతుంది. మరి ఆ చీకట్లో పక్కనే కూర్చున్న స్నేహితురాలు అదే కెమెరాకు ఎందుకు కనపడదు? ఆమె ఒంటి వేడి కూడా పరారుణ కాంతే కదా!

సిలికాన్‌లో ఎలక్ట్రాన్ స్వేచ్ఛగా కదలాలంటే ఒక గడప దాటాలి. దాన్నే బ్యాండ్ గ్యాప్ అంటారు. దాని ఎత్తు సుమారు 1.1 ఎలక్ట్రాన్ వోల్టులు. ఒంటి వేడి 10 మైక్రోమీటర్లకు అటూ ఇటూ ఉండే తరంగం. దాని ఫోటాన్ శక్తి 0.12 మాత్రమే, అంటే గడపలో తొమ్మిదో వంతు. మేలిరకం వేడి కెమెరాల్లో పాదరసం, కాడ్మియం, టెల్యూరియం కలిసిన పదార్థం వాడతారు. దాని గడప చిన్నది. చిన్నది కాబట్టే గది వేడికి కూడా ఎలక్ట్రాన్లు గెంతేస్తాయి. అందుకని దాన్ని మైనస్ 196 డిగ్రీల దాకా చల్లబరుస్తుంటారు. కెమెరా కన్నా దాని చలిపెట్టె బరువన్నమాట.

అసలు గడపే లేకపోతే? అర్ధలోహాలు అలాంటివే. వాటిలో టంగ్‌స్టన్ డైటెల్యురైడ్ ఒకటి. మన గూడూరు అభ్రకంలాగే ఇదీ పొరలు పొరలుగా ఊడి వస్తుంది. ఒక్కో పొర మందం మూడు అణువుల వరుసలే. ఇది టోపాలజీ లక్షణాలున్న అర్ధలోహమని 2015లో సిద్ధాంతవేత్తలు చెప్పారు. టోపాలజీ అంటే బెదరక్కర్లేదు. లోహపు గాజును వంచినా నొక్కినా మధ్య ఖాళీ పోదు కదా, అలాగే ఇందులో రెండు శక్తిపట్టీలు కలిసే బిందువులు చిన్నాచితకా మార్పులకు చెరిగిపోవు. అవి జంటలుగా ఉంటాయి. జంటలోని రెండూ ఎదురెదురై కలిస్తేనే మాయమవుతాయి.

చిక్కు కూడా అక్కడే ఉంది. గడప లేదు కాబట్టి, బ్యాటరీ తగిలిస్తే వెలుగు లేకున్నా కరెంటు పారుతూనే ఉంటుంది. దీన్ని చీకటి కరెంటు అంటారు. ఆ హోరులో చిన్న వెలుగు సంకేతం వినపడదు. దానికి దొరికిన ఉపాయం నాకు భలే నచ్చింది: బ్యాటరీనే తీసేయడం! వెలుగు ఒక కొసన పడి ఎలక్ట్రాన్లను వేడెక్కిస్తే, రెండు కొసల వేడి తేడాతోనే వోల్టేజి పుడుతుంది. పైగా ఈ స్ఫటికంలో అణువుల అమరిక ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. అందువల్ల వెలుగు తగిలిన ఎలక్ట్రాన్లు వాటంతట అవే ఒక దిక్కుకు జరగగలవు.

ఇంకా ఇది మార్కెట్ వస్తువు కాలేదు. పలచని రేకు తన మీద పడిన వెలుగులో కొంచెమే పీల్చుకుంటుంది, గాలి తగిలితే పాడవుతుంది. రేకులో ఎన్ని పొరలున్నాయో, అది చెడిందో లేదో చూడటానికి వాడే పద్ధతుల్లో ఒకటి రామన్ వర్ణపటం. విశాఖలో బడికెళ్లి, 1933లో బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చిన ఆ రామన్‌దే.