తొలి మాత్ర ఏది?

మహాశివరాత్రి నాడు కోటప్పకొండ కింద కునుకు తీసేవాళ్లు తక్కువ. పురుషోత్తమపట్నం, కావూరు లాంటి ఊళ్ల నుంచి తరలివచ్చిన ప్రభలు రంగురంగుల బల్బులతో మిణుకుమంటుంటే తిరునాళ్ల తెల్లవార్లూ సాగుతుంది. పగలంతా ఉపవాసం, రాత్రంతా జాగారం. మూర్ఛ ఉన్న కొందరికి మాత్రం ఆ రాత్రే గండం. నిద్ర చాలకపోతే ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. కొద్దిమందికి మిణుకుమనే వెలుగూ పడదు. ఉపవాసమని మాత్ర మానేస్తే ఇక చెప్పేదేముంది!

ఎవరైనా పడిపోతే చుట్టూ చేరినవాళ్లు చేతిలో తాళాల గుత్తి పెడతారు. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. పేరు తాళాలకు వస్తుంది. అసలు చేయాల్సింది పక్కకు తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చేయడం.

మూర్ఛేనని డాక్టరు తేల్చాక ఇంట్లో మొదట పుట్టే ప్రశ్న, ‘మంచి మందు ఏది?’ అని. డాక్టరు మాత్రం ఎదురు ప్రశ్నలు వేస్తారు. పదిహేడేళ్ల కుర్రాడనుకోండి: ‘పొద్దున లేవగానే చేయి ఉలిక్కిపడి కాఫీ గ్లాసు జారిపోతోందా? పళ్లు తోముకుంటుంటే బ్రష్షు ఎగిరి పడుతోందా?’ వాళ్లమ్మకు అప్పుడు గుర్తొస్తుంది, వాడు పగలగొట్టిన గ్లాసులన్నీ. అది యౌవనంలో మొదలయ్యే ఒక రకం మూర్ఛ కావచ్చు. దానికి కార్బమజెపిన్ ఇస్తే ఆ ఉలికిపాట్లు ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. మెదడులో ఒక చోట మొదలయ్యే ఫిట్స్‌కు అదే కార్బమజెపిన్ దశాబ్దాలుగా నమ్మకమైన మందు. ఫిట్స్ వచ్చినప్పుడు సెల్‌ఫోన్లో తీసిన అర నిమిషం వీడియో ఒక్కోసారి స్కానింగు కంటే ఎక్కువ చెప్పేది అందుకే.

ఒకప్పుడు రెండు మూడు మందులు కలిపి రాయడం మామూలు. 1970లలో లండన్‌లో సైమన్ షోర్వాన్, ఎడ్వర్డ్ రేనాల్డ్స్ ఆ అలవాటును నిలదీశారు. చాలామందికి ఒక్క మందే సరిపోతుందని, రెండోది దుష్ప్రభావాలు పెంచడం తప్ప పెద్దగా ఒరగబెట్టదని చూపించారు. 2000లో గ్లాస్గో వైద్యులు ప్రచురించిన లెక్క మరింత ధైర్యమిచ్చింది. అంతకుముందు మందే వాడని 470 మందిలో 47 శాతం మందికి మొదటి మందుతోనే ఫిట్స్ ఆగిపోయాయి. అంటే తొలి మాత్ర ఎంపిక దాదాపు సగం మందికి చివరి ఎంపిక కూడా.

మరి ఏ ఒక్కటి? 1912 నుంచి వాడుకలో ఉన్న ఫినోబార్బిటాల్, మనవాళ్లు గార్డినాల్ అనేది, ఇప్పటికీ అతి చవక. మత్తు దాని చిక్కు. 1938 నాటి ఫెనిటాయిన్ ఫిట్స్‌ను బాగానే ఆపుతుంది కానీ చిగుళ్లు వాపెక్కిస్తుంది, మోతాదు కాస్త పెంచితే రక్తంలో మందు ఒక్కసారిగా పైకెగబాకుతుంది. తీసిపారేయాల్సినవి మాత్రం కావు. కర్ణాటకలోని యెలందూరులో పల్లె రోగులకు ఈ రెండిటితోనే వైద్యం చేసి, క్రమంగా వాడితే ఫిట్స్ అదుపులో ఉంటాయని 2001లో లాన్సెట్ పత్రికలో చూపించారు. ఖరీదైన మందు మధ్యలో ఆపేయడం కంటే చవక మందు రోజూ వేసుకోవడమే నయం.

కొత్త మందులను ముఖాముఖి నిలబెట్టింది బ్రిటన్‌లోని సనద్ పరీక్షలు. 2021లో వచ్చిన రెండో విడతలో, ఒక చోట మొదలయ్యే ఫిట్స్ ఉన్న 990 మందికి లామోట్రిజిన్, లెవెటిరాసెటామ్, జోనిసమైడ్‌లలో ఏదో ఒకటి ఇచ్చారు. లామోట్రిజిన్‌దే పైచేయి. దుష్ప్రభావాలు చెప్పినవాళ్లు దానితో 33 శాతం, లెవెటిరాసెటామ్‌తో 44 శాతం. ఇక్కడొక సంగతి చెప్పుకోవాలి. లెవెటిరాసెటామ్‌ను తొలిరోజు నుంచే పని చేసే మోతాదులో ఇవ్వొచ్చు, అందుకే డాక్టర్లకు అదంటే మక్కువ. లామోట్రిజిన్‌ను ఒంటిమీద దద్దుర్ల భయంతో వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచాలి. అయితే లెవెటిరాసెటామ్ మొదలెట్టాక ‘మావాడికి ఊరికే కోపం వస్తోంది’ అని ఇంట్లోవాళ్లు చెబితే డాక్టరు కొట్టిపారేయకూడదు. అది ఆ మందుకున్న పేరే.

మెదడంతా ఒకేసారి కదిలించే ఫిట్స్‌లో గెలిచింది పాత వాల్‌ప్రోయేటే. 520 మందితో చేసిన పోటీలో లెవెటిరాసెటామ్ దానికి సాటి రాలేదు. మగపిల్లవాడైతే కథ చాలావరకు అక్కడితో ముగిసేది.

ఆడపిల్లలకు అలా కాదు. గర్భంతో ఉన్నప్పుడు వాల్‌ప్రోయేట్ వాడితే పుట్టే బిడ్డల్లో వందకు దాదాపు పది మందికి పెద్ద అవయవ లోపాలు ఉంటాయి, తెలివితేటలపైనా దెబ్బ పడుతుంది. అందుకని గర్భం వచ్చే వయసువాళ్లకు వేరే దారి ఉన్నంతవరకు ఇవ్వరు. లామోట్రిజిన్, లెవెటిరాసెటామ్ అక్కడ ముందుకొస్తాయి, అదుపు కాస్త తగ్గినా సరే. చిక్కేమిటంటే చాలా ఇళ్లలో పెళ్లిచూపుల ముందు జబ్బు సంగతే దాచేస్తారు. అత్తారింట్లో కొత్తకోడలు మాత్రలు చీరల మడతల్లో పెట్టుకుని, ఎవరూ లేనప్పుడు వేసుకుంటుంది, కొన్ని రోజులు వేసుకోదు కూడా. హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అడ్డుగా ఉన్న మూర్ఛ అన్న మాటను 1999లోనే తీసేశారు. పెళ్లి కుదిరిందని తెలిస్తే డాక్టరు మందు మార్చగలరు, ఫోలిక్ యాసిడ్ మొదలెట్టగలరు. అందుకు నెలల వ్యవధి కావాలి.