ముందు ఎలుక తినాలి

మారేడ్‌పల్లిలో బండెక్కి మెట్టుగూడ దాటితే తార్నాక. అక్కడుంది జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో ఒక్క గదిలో, బెరిబెరి జబ్బు పరిశోధనకని పుట్టింది. 1958లో మన హైదరాబాదొచ్చింది. కూనూరు రోజుల్లో, దాన్ని మొదలుపెట్టిన మెక్‌కారిసన్ దొర ఎలుకలకి ఒక్కో ప్రాంతపు భోజనం పెట్టి చూశాడు. సిక్కుల రొట్టె, పాలు, పెరుగు తిన్నవి నిగనిగలాడాయి. మదరాసీల అన్నం తిన్నవి ఎదుగూ బొదుగూ లేకుండా ఉండిపోయాయి. అప్పట్లో ఆంధ్ర జిల్లాలవాళ్ళూ మదరాసు లెక్కలోనే, మరి!

రంగులకీ, తీపి రసాయనాలకీ కూడా ముందు విస్తళ్ళు ఎలుకలకే. దాణాలో కలిపి పెడతారు, తోకమీద గీతలతో గుర్తుపెడతారు, మిగిలిన దాణా తూస్తారు, ఎలుకనీ తూస్తారు. రెండేళ్ళలో దానికి ముసలితనం వచ్చేస్తుంది కనక జీవితమంతా చూసినట్టే. ఇంకో సంగతి, ఎలుకకి వాంతి రాదు. మింగిందల్లా లోపలే.

ఎలుకకి ఏ హానీ కనపడని మోతాదుని మామూలుగా నూరుతో భాగించి మనిషికి రోజువారీ హద్దు పెడతారు. మనిషి ఎలుక కాదు కనక ఒక పది, మనుషులంతా ఒక్కలా ఉండరు కనక ఇంకో పది. శాస్త్రం కన్నా పెద్దవాళ్ళ ముందుజాగ్రత్తే ఇందులో ఎక్కువనిపిస్తుంది నాకు.

ఎలుక మాట ప్రతిసారీ మనకి వర్తించదు. తీపి రసాయనం శాకరిన్‌తో మగ ఎలుకలకి మూత్రాశయంలో కేన్సరొచ్చిందని అమెరికాలో 1977 నుంచి డబ్బాలమీద హెచ్చరిక వేశారు. అది వాటి మూత్రం తీరువల్ల వచ్చిన తంటా అని తేలాక 2000లో తీసేశారు.

బ్రెడ్డు పిండిలో కలిపే పొటాషియం బ్రోమేట్‌ది తిరగేసిన కథ. ఎలుకల మూత్రపిండాల్లో గడ్డలు లేస్తున్నాయని జపాన్‌వాళ్ళు 1980లలోనే చెప్పారు. మన దేశంలో ఆపింది 2016లో. అన్నేళ్ళూ టీలో ముంచుకుని తిన్నాం.

హైదరాబాదు పిల్లలు తినే రంగుల్ని తార్నాకవాళ్ళే లెక్కగట్టి 2004లో ప్రచురించారు. కొందరు పిల్లలు టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో, ఎరిత్రోసిన్ హద్దులు దాటేశారు. ఎరిత్రోసిన్ అంటే చెర్రీ ఎరుపు. దాని హద్దు కిలో బరువుకి రోజుకి 0.1 మిల్లీగ్రాము, పదిహేను కిలోల పిల్లకి 1.5. అప్పటి నిబంధన కిలో తిండిలో 100 మిల్లీగ్రాముల దాకా రంగు వెయ్యొచ్చంది. అంత రంగూ ఎరిత్రోసినే అయితే 15 గ్రాముల మిఠాయితో ఆ పిల్ల కోటా పూర్తి. బర్ఫీ ముక్క మొత్తం కూడా అక్కర్లేదు.