కొత్త బండి పదే పదే షెడ్డుకెళ్తోందా? కాగితం లేకుండా వదలొద్దు

అప్పో సప్పో చేసి, ఫైనాన్సు మీద చిన్న లారీ కొనుక్కుని సొంత పంటను సొంతంగా మార్కెట్‌కు తోలుకుంటున్న సన్నకారు రైతులు చాలామందే ఉన్నారు. కిరాయి మిగులుతుంది. ఖాళీ రోజుల్లో పక్క రైతుల సరుకు తోలితే నాలుగు డబ్బులు వస్తాయి. అయితే కొన్న కొత్తలోనే బండి మొరాయిస్తే ఏం చేయాలి? మదనపల్లె మార్కెట్లో వేలం వేళకు చేరాల్సిన టమాటా దారిలోనే ఆగిపోతే ఆ రోజు ధర చేజారినట్టే. నెల వాయిదా మాత్రం ఆగదు.

షోరూముకు తీసుకెళ్తే బాగుచేసి ఇస్తారు. పది రోజులకు మళ్లీ అదే రోగం. ఇలా నాలుగుసార్లు తిరిగేసరికి గడువు కాస్తా దాటిపోతుంది. "ఇక డబ్బు కట్టాల్సిందే" అనే మాట అప్పుడు వినిపిస్తుంది. ఇందులో చిక్కుకోకుండా ఉండాలంటే రైతు చేతిలో ఉన్న మార్గం ఒక్కటే. బండి షెడ్డుకెళ్లిన ప్రతిసారీ ఓ కాగితం చేతికి రావాలి.

వారంటీ ఎంతవరకు?

మనం గ్యారంటీ అనేదాన్నే కంపెనీ పుస్తకంలో వారంటీ అని రాస్తారు. ఇన్ని నెలలు లేదా ఇన్ని కిలోమీటర్లు, ఏది ముందు పూర్తయితే అంతవరకే. రోజూ తిరిగే బండికి నెలల కంటే కిలోమీటర్లే ముందు అయిపోతాయి. తయారీ లోపం వల్ల చెడిన భాగాన్ని ఉచితంగా బాగుచేయడమో, మార్చడమో కంపెనీ బాధ్యత. బ్రేకు లైనింగు, క్లచ్ ప్లేటు, ఫిల్టర్ల వంటి అరిగే భాగాలకు సాధారణంగా ఇది వర్తించదు. టైర్లు, బ్యాటరీలకు వాటి తయారీదారులే వేరుగా ఇస్తారు.

ఉచిత సర్వీసులు తప్పించినా, పరిమితికి మించి లోడు వేసినా, బయట మెకానిక్ చేత ఇంజిన్ విప్పించినా కంపెనీకి సాకు దొరుకుతుంది. తొందరపడి ఆ అవకాశం ఇవ్వకండి.

జాబ్ కార్డు తీసుకోండి

"చిన్న పనే అన్నా, సాయంత్రం వచ్చి తీసుకెళ్లు" అంటాడు సూపర్‌వైజరు. మనమూ తాళం ఇచ్చేసి వచ్చేస్తాం. తర్వాత లెక్క చూస్తే ఆ రోజు బండి అక్కడికి వచ్చినట్టే ఉండదు. అందుకే జాబ్ కార్డు నకలు ఇస్తేనే తాళం ఇవ్వండి. అందులో తేదీ, మీటరు రీడింగు, మీరు చెప్పిన లోపం ఉండాలి.

ఆ లోపాన్ని మీ మాటల్లోనే రాయించండి. "లోడుతో గట్టు ఎక్కుతుంటే ఇంజిన్ వేడెక్కుతోంది, రేడియేటర్‌లో నీళ్లు తగ్గిపోతున్నాయి" అని మీరు చెబితే, అక్కడ "జనరల్ చెకప్" అని రాసి ఊరుకుంటారు. రేపు ఆ రెండు ముక్కలు చూపించి ఏం నిరూపించగలరు? నాలుగు కార్డుల్లో ఒకే లోపం ఒకే మాటల్లో కనిపిస్తేనే ఇది పాత రోగమని తేలుతుంది.

బండి తిరిగి తీసుకునేటప్పుడు ఏ భాగం మార్చారో, ఏది బాగుచేశారో రాసిన బిల్లు అడగండి. ఉచితమైనా బిల్లు ఉండాల్సిందే. 'పని తృప్తికరం' అన్న చోట చూడకుండా సంతకం పెట్టొద్దు. వీలైతే ముందు లోడుతో తోలి చూడండి. ఖాళీ బండిలో కనపడని లోపం లోడు మీదే బయటపడుతుంది.

మూడోసారీ అదే అయితే

నోటి మాటలు కట్టిపెట్టి ఉత్తరం రాయండి. డీలరుకు ఒకటి, కంపెనీకి ఒకటి. కొన్న తేదీ, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, షెడ్డుకెళ్లిన తేదీలు, అక్కడ ఎన్ని రోజులు ఉందో వరుసగా రాయాలి. కంపెనీ ఇంజినీరు వచ్చి చూడాలని, చెడిన భాగాన్ని అతుకులు వేయకుండా కొత్తది వేయాలని, షెడ్డులో ఉన్న రోజులను వారంటీకి కలపాలని అడగండి. 15 రోజుల గడువు పెట్టండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు, ఉత్తరం నకలు దాచుకోండి.

కోపంతో వాయిదాలు మాత్రం ఆపొద్దు. అప్పు ఇచ్చిన వారు వేరు, బండి చేసిన వారు వేరు. వాయిదాలు తప్పితే బండిని లాక్కుపోతారు. అప్పుడు లోపం చూపించడానికి బండే ఉండదు.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే

ఉత్తరానికీ కదలకపోతే ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2020 జులైలో అమల్లోకి వచ్చిన 2019 నాటి చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. బండికి చెల్లించిన ధర 5 లక్షల రూపాయల వరకు ఉంటే ఫీజు లేదు. ఆపైన 10 లక్షల వరకు 200 రూపాయలు. వకీలును పెట్టుకోవాలన్న నిబంధన లేదు. అయితే కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపే వెళ్లాలి.

"ఇది వ్యాపార బండి, నువ్వు వినియోగదారుడివే కావు" అని అవతలివారు వాదిస్తారు. బెదిరిపోవద్దు. సొంతంగా పనిచేసుకుంటూ కేవలం బతుకుదెరువు కోసం కొన్నవారు వినియోగదారులేనని చట్టంలోనే ఉంది. తానే నడుపుకునే లారీకీ ఇది వర్తిస్తుందని, ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన హక్కు పోదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. డ్రైవర్లను పెట్టి నాలుగు బండ్లు తిప్పేవారి సంగతి వేరు. కాబట్టి బండి మీరే నడుపుతున్నారని, ఇల్లు దీని మీదే గడుస్తోందని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి.

కొత్త బండి ఇస్తారా?

బండి మార్చమని, ధర వాపసు ఇమ్మని, నష్టపరిహారం చెల్లించమని ఆదేశించే అధికారం కమిషన్‌కు ఉంది. కానీ ప్రతి కేసులోనూ కొత్త బండి వస్తుందని ఆశపెట్టుకోవద్దు. ఒక భాగం మారిస్తే బాగయ్యే బండిని మొత్తంగా మార్చమనడం సరికాదని 2006లో ఒక కారు కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బండి పుట్టుకలోనే లోపం ఉందని నిపుణుల నివేదికతో రుజువు కావాలి. అవసరమైతే కమిషనే పరీక్షకు పంపుతుంది. దాని ఖర్చు ముందుగా ఫిర్యాదుదారు కట్టాల్సి ఉంటుంది.

నష్టం అడగాలన్నా కాగితాలే ఆధారం. బండి షెడ్డులో ఉన్న రోజుల్లో పెట్టుకున్న కిరాయి బండి రసీదులు, ఆలస్యమై తక్కువ ధరకు అమ్మిన నాటి తక్‌పట్టీలు దాచిపెట్టండి.

పట్టాదారు పాసుపుస్తకాన్ని ఎంత భద్రంగా చూసుకుంటారో, జాబ్ కార్డులనూ అలాగే చూసుకోండి. బండిలో పెడితే బండితో పాటే షెడ్డుకు పోతాయి. ఇంట్లో పెట్టెలోనే ఉంచండి.