పెరటియందు పిల్లలకొక చోటు

రైతు కుటుంబమునకు పెరడు రెండవ పొలము వంటిది. చేలనుండి వచ్చిన గడ్డి అచ్చటనే వామిగా వేయబడును. పశువులకు పాక, పేడకు గొయ్యి, కట్టెలకు మూల, పాదులకు పందిరి, కొబ్బరికాయలకు రాశి, అన్నిటికిని అందు చోటు కలదు. లేగదూడకు గూడ ఒక గుంజ పాతబడియుండును. మా ఉద్యోగధర్మమును బట్టి గోదావరి జిల్లాల గ్రామములు తిరుగునపుడు మేము అనేకములైన పెరళ్లను చూచితిమి. వానిలో ఆ యింటి బిడ్డలు ఆడుకొనుటకని వేరుగా విడిచిన చోటు మాత్రము మాకు అరుదుగా కనుపించినది. ఈ నెల సంఘసభ్యులకు మేము చేయు మనవి ఆ విషయమును గూర్చియే.

“పిల్లలు ఎచ్చటనైనను ఆడుకొందురు గదా! అందుకు వేరుగా చోటేల?” అని పెద్దలు కొందరనుట కలదు. వారు ఎచ్చటనైనను ఆడుకొందురనుట నిజమే. చిక్కంతయు అందులోనే యున్నది. 1847వ సంవత్సరమున మొదలై 1852వ సంవత్సరమున ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టవలన గోదావరి నీరు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు పారినది. కాటన్ దొర కట్టించిన ఆ యానకట్టకు బదులు నేడు బారేజి యున్నది. ఆ నీటివలననే మనము అన్నము తినుచున్నాము. అయితే ఆ నీరే పెద్దకాలువలుగను, పంటబోదెలుగను, మురుగుకాలువలుగను మన యిండ్ల వెనుకకు గూడ వచ్చినది. భీమవరము, ఉండి, ఆకివీడు ప్రాంతములందు వరిచేలు చేపల చెరువులుగను, రొయ్యల చెరువులుగను మారిన పిదప లోతైన నీరు ఇండ్లకు మరింత దగ్గరయినది. పెరటిలో చోటు దొరకని బిడ్డ ఆ గట్లమీదికే పోవును.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2024వ సంవత్సరమున ప్రకటించిన నివేదికను బట్టి, 2021వ సంవత్సరములో ప్రపంచమునందు సుమారు 3 లక్షలమంది నీట మునిగి మరణించిరి. వారిలో దాదాపు నాలుగవ వంతు అయిదేండ్లు నిండని పసివారు. బిడ్డ నీటిని చేరకుండ అడ్డు కట్టుట, పసివారిని నీటికి దూరముగా ఉంచి కనిపెట్టి చూచుటకు తగిన చోటు ఏర్పరచుట, ఈడు వచ్చిన పిల్లలకు ఈత నేర్పుట, ఇవి ఆ సంస్థవారు చెప్పు ఉపాయములలో ముఖ్యమైనవి. వీనిలో మొదటి రెండును మన పెరటిలోనే మనము చేయదగినవి. దాళ్వా కోతలు ముగిసి కాలువలు కట్టివేసిన వేసవి ఈ పనికి అనుకూలమైన కాలము.

నీటికి అడ్డు

ముందుగా ఇంటి యజమానుడు పెరటిలో బిడ్డ యెత్తున గొంతుక్కూర్చుండి చుట్టును చూడవలెను. మన కంటికి చిన్నదిగా తోచిన కుడితిగోలెము ఆ యెత్తునుండి చూచిన బావివలె నుండును. రెండేండ్ల బిడ్డకు దేహములో తల బరువెక్కువ. వంగి చూచుచు తలక్రిందుగా పడినచో తనంతట తాను లేవజాలదు. జానెడు నీరున్నను ప్రాణము పోవును, కేకయు వినబడదు. కావున గోలెమునకు బరువైన చెక్కమూత వేయవలెను. పని ముగిసిన వెంటనే బక్కెట్టులలోని నీరు పారబోయవలెను. బావికి మూడడుగుల గట్టు కట్టి, పైన ఇనుపవల బిగింపవలెను. మరుగుదొడ్డి గుంటపై మూత పగిలియున్నచో ఆ దినముననే మార్చవలెను.

పిమ్మట దడి. వెదురుబద్దలు, తాటికమ్మలు, కొబ్బరిమట్టలు మన యొద్దనే కలవు గనుక దీనికి రొక్కము వ్యయము స్వల్పము. దడి నాలుగడుగుల కెత్తు తగ్గరాదు. బద్దల నడుమ సందు 4 అంగుళములకు మించినచో పసిబిడ్డ దూరిపోవును. అడ్డుబద్దలను లోపలివైపున కట్టినచో అవియే నిచ్చెన మెట్లగును. కావున వెలుపలివైపున కట్టవలెను. కాలువ వైపున నున్న తడిక తనంతట మూసికొనునట్లు అమర్చి, గడియను పెద్దల చేతి కందు నెత్తున బిగింపవలెను. గొడ్లను తోలుకొని పోయి తడికను తెరచి విడుచు అలవాటు మానినగాని ఎంత గట్టి దడియైనను ఉపయోగపడదు.

నేలయు, ఇసుకయు

ఆటస్థలమునకు అర సెంటు చాలును. అనగా 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గల చోటు. వంటయింటి వాకిటనుండి చూచినపుడు అది కంటి కెదురుగా నుండవలెను. గడ్డివామికిని, పేడగొయ్యికిని, కట్టెల మోపునకును దూరముగా నుండుట మంచిది.

మన డెల్టా నేల చాలచోట్ల బంకమన్ను. వానకు అడుసగును, ఎండకు నెఱ్ఱెలు విచ్చును. అట్టి నేలలో గొయ్యి తవ్వి ఇసుక నింపినచో తొలి వానకే అది మడుగగును. అందుచేత ఆటస్థలమును తక్కిన పెరటికన్న అరడుగు మెరక చేసి, ఒక వైపునకు వాలు పెట్టవలెను. ఒక మూలను ఆరడుగుల చదరమున ఇటుకలు పేర్చి గట్టు కట్టి, అడుగున ఇటుకముక్కలు పరచి, వాలు వైపున నీరు పోవుటకు రెండు తూములు విడిచి, పైన 9 అంగుళముల మందమున ఏటి ఇసుక పోయవలెను. దీనికి పట్టు ఇసుక 27 ఘనపుటడుగులు మాత్రమే. రాత్రివేళ పిల్లులు, కుక్కలు పాడుచేయకుండ పాత టార్పాలిను కప్పవలెను.

ఇసుకకుప్పయే ఆటయగునా యని నవ్వువారు ఒక సంగతి తెలిసికొందురు గాక. 1885వ సంవత్సరమున అమెరికాలోని బోస్టన్ నగరమునందు పేదలవాడలో ఒక ప్రార్థనాలయపు పెరటిలో పిల్లలకొరకు ఇసుక పోయించిరి. ఆ దేశమందలి ఆటస్థలములకు అదియే నాంది యని చెప్పుదురు. మన పిల్లలకు గుజ్జనగూళ్లు, పిచ్చుకగూళ్లు క్రొత్తవి కావు. వానికి పరిశుభ్రమైన ఇసుక నిచ్చుటయే మన వంతు.

మిగిలిన చోట గరిక నాటవలెను. కడియము, కడియపులంక నర్సరీలలో పచ్చికపట్టాలు దొరకును గాని కొనితీరవలె నను నియమము లేదు. పొలముగట్టు గరికను కణుపులతో తెచ్చి, తొలకరిలో జానెడు దూరమున నాటినచో అదియే అల్లుకొనును. తొక్కుడుబిళ్లకును, గోలీలకును, బొంగరమునకును కొంత మేర గట్టినేల విడువవలెను.

చెట్టును, ఉయ్యాలయు

మన సీమలో అట్లతద్దినాడు ఆడపిల్లలకు ఉయ్యాల కట్టుట ఆచారము. ఆ పండుగ దాటగానే విప్పివేయుట యేల? ఏడెనిమిదేండ్లు రాగానే ఆడపిల్ల చంకకు తమ్ముని ఎత్తి, ఆటనుండి తప్పించుట అనేక గృహములలో కలదు. ఆ పిల్లకును ఆట కావలెను. ఐక్యరాజ్యసమితి 1989వ సంవత్సరమున అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడికలో 31వ ప్రకరణము ఆటను బిడ్డల హక్కుగా చెప్పినది. అందు మగబిడ్డ, ఆడుబిడ్డ అను భేదము లేదు. మన దేశము 1992వ సంవత్సరమున ఆ యొడంబడికలో చేరినది.

ఉయ్యాలకు మామిడి, చింత, వేప కొమ్మలు తగినవి. కొమ్మ ఎంత యెత్తున నున్నదో దానికి రెట్టింపు దూరము ముందునకును, అంతే దూరము వెనుకకును గోడయు, చూరును, రాయియు లేకుండ చూడవలెను. బల్లచెక్క బరువైనది వలదు. పిల్లలు పడు చోట ఇసుక 9 అంగుళములకు తగ్గరాదు. అంత మెత్తని ఇసుక నాలుగడుగుల ఎత్తునుండి పడిన దెబ్బను సహించునని అమెరికా ప్రభుత్వపు వినియోగవస్తు రక్షణ సంఘమువారు నిర్ణయించిరి. అయితే త్రొక్కుడు పడిన ఇసుక గట్టిపడును. వారమున కొకసారి పారతో తిరుగవేయవలెను. పాత టైరుతో ఉయ్యాల కట్టువారు దానికి రంధ్రములు చేయవలెను. లేనిచో అందు నిలిచిన వాననీటిలో డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయు దోమ గ్రుడ్లు పెట్టును.

ఎక్కి ఆడుకొనుటకు జామచెట్టు మేలు. కొమ్మలు తక్కువ యెత్తున నుండును, గట్టివి గూడ. మునగచెట్టు ఎక్కించుట మాటలలోనేగాక పెరటిలోను కీడే; దాని కొమ్మ ఇట్టే విరుగును. కొబ్బరిచెట్టు క్రింద ఆటస్థలము పెట్టనే కూడదు. వేరు చోటు లేనిచో ముదురు కాయలను, ఎండుమట్టలను తప్పక ఎప్పటికప్పుడు దింపించుచుండవలెను.

తొలగింపవలసినవి

ఎలుకలున్న చోటికి పాము వచ్చును. గడ్డివామి, పిడకల గూడు, ధాన్యపు పురి, ఇవి ఎలుకల నివాసములు. 2000 మొదలు 2019 వరకు మన దేశమున పాముకాటువలన సుమారు 12 లక్షలమంది మరణించినట్లు పరిశోధకులు అంచనా వేసిరి. ఆ మరణములు ఎక్కువగా జరిగిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశము గూడ నొకటి. కావున ఆటస్థలము చుట్టు గడ్డిని పొట్టిగా కోయించుచు, రాళ్లగుట్టలను తీసివేయవలెను. కాటు పడినచో గాయమును కోయుట, బిగించి కట్టుట, మంత్రమునకై ప్రొద్దుపుచ్చుట తగదు. బిడ్డను కదలనీయక, విషమునకు విరుగుడు మందున్న ఆసుపత్రికి వెంటనే చేర్పవలెను.

పురుగుమందుల విషయమై రైతు సోదరులకు మేము గట్టిగా చెప్పవలసియున్నది. 2013వ సంవత్సరము జూలై 16వ తేదీన బీహారు రాష్ట్రపు సారణ్ జిల్లాలో ఒక పాఠశాలయందు మధ్యాహ్నభోజనము చేసిన పిల్లలలో 23 మంది మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాసు అను పురుగుమందు కలిసియున్నట్లు పరీక్షలో తేలినది. మందును పానీయపు సీసాలలోనికి మార్చి చూరులో పెట్టుట, కాళీ డబ్బాను కడిగి నీళ్లకు వాడుట మానవలెను. మందులకు తాళముగల పెట్టె యుండవలెను.

చెట్లలోను విషము కలదు. పచ్చగన్నేరు కాయ, ఉమ్మెత్తకాయ, ఆముదపు గింజ, గురివింద గింజ బిడ్డ నమిలినచో ప్రాణాపాయము. వామనగుంటలకు చింతపిక్కలు, గవ్వలు చాలును. గురివింద గింజలు వలదు. మూడేండ్లు నిండనివారికి చింతపిక్కలును అందరాదు, గొంతున కడ్డుపడును. పెరటిలో మలవిసర్జనము జరుగు చోట కొంకిపురుగు పిల్లలు మన్నునుండి అరికాళ్ల చర్మముద్వారా లోనికి ప్రవేశించి, బిడ్డ రక్తమును హరించును. మరుగుదొడ్డి వాడుకయు, కాళ్లకు చెప్పులును దీనికి మందు.

కనిపెట్టియుండుట

ఇంత చేసినను పెద్దల కన్ను లేనిది ఏ దడియు చాలదు. నాట్లు పడు దినములలో ఇల్లంతయు పొలమునకు పోవును. కాలువలు నిండుగా పారునదియు ఆ దినములలోనే. మనవలెనే డెల్టాలో నివసించు బంగ్లాదేశీయులు ఈ కష్టమును చక్కగా గుర్తించిరి. తల్లులు పనిలోనుండు వేళలో, ఉదయము 9 గంటలు మొదలు మధ్యాహ్నము 1 గంట వరకు, ఊరిలో నొక యింట పసివారిని చేర్చి, ఆడించుచు కనిపెట్టియుండు శిశుకేంద్రములను నడుపుచున్నారు. వానివలన నీటిపాలగు పసివారి సంఖ్య మిక్కిలి తగ్గినది.

మన సంఘములు చేయదగినదియు నిట్టిదే. ఒక వీధిలోని నాలుగైదు కుటుంబములు కలిసి, వారిలో దడి గట్టిగా నున్న పెరటి నొకదానిని ఎన్నుకొని, నాట్లకు పోని ముసలమ్మ యొకతె పిల్లలను చూచునట్లు వంతులు వేసికొనవచ్చును. ఆమె కూలి నష్టమును అందరును పంచుకొనవలెను. ఇసుకను నలుగురు కలిసి ఒక ట్రాక్టరు తెప్పించుకొన్నచో బాడుగ కలిసివచ్చును. అప్పిచ్చుటకును ఎరువు పంచుటకును కూడిన సభ్యులు బిడ్డలను కాచుటకు కూడలేరా? ఆరేండ్లు దాటిన పిల్లలకు ఈత నేర్పుటయు ఒంటరిగా గాక, తెలిసిన పెద్ద ఎదుటనే జరుగవలెను.

ఐక్యరాజ్యసమితి జూన్ 11వ తేదీని ఆటల దినముగను, జూలై 25వ తేదీని నీటిమునకల నివారణ దినముగను ప్రకటించినది. మనకు కాలువలు పారి నాట్లు సాగు దినములును అవియే. అప్పటికి దడి కట్టుకొందమనుట చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుట యగును. లాకులు ఎత్తకమునుపే ప్రతి సభ్యుడును తన పెరటిలో అర సెంటు కొలిచి, నాలుగు మూలల గుంజలు పాతవలెనని కోరుచున్నాము. కొలతలలో గాని, మెరక చేయుటలో గాని సందేహమున్నవారు సంఘ సమావేశమునకు మేము వచ్చినపుడు అడిగినచో, స్వయముగా వచ్చి చూచి చెప్పగలము.