దారి చూపేవాడు లేని గుంపు

గుంపుగా ఎగిరే పిట్టలు ఒక్కసారిగా మలుపు తిరిగితే, వాటిని నడిపిస్తున్నది ఎవరా అనిపిస్తుంది. లెక్కలేనన్ని రేణువులు కలిసి ఎలా నడుచుకుంటాయో లెక్కగట్టే గణాంక భౌతికశాస్త్రం, క్రమం ఎలా పుడుతుందన్న విషయంలో కొన్ని అపోహలను సరిదిద్దింది.

అపోహ: గుంపుకు నాయకుడు ఉండి తీరాలి.

వాస్తవం: చలికాలం సాయంత్రాల్లో రోమ్ నగరం మీద స్టార్లింగ్ పిట్టలు వేల సంఖ్యలో సుళ్లు తిరుగుతాయి. ఇవి మన గోరింకకు చుట్టాలే. ఇటలీ శాస్త్రవేత్తలు వాటిని ఒకేసారి పలు కెమెరాలతో ఫొటోలు తీసి, ఏ పిట్ట ఎక్కడుందో లెక్కగట్టారు. ఒక్కో పిట్ట పట్టించుకునేది తనకు దగ్గరున్న ఆరేడు పిట్టలనేనని 2008లో వెల్లడించారు. మలుపు ఏదో ఒక మూల మొదలై, పక్కదాన్ని చూసి పక్కది తిరుగుతూ గుంపంతా పాకుతుంది.

అపోహ: ఒద్దికగా కదలాలంటే ఒక్కోదానికీ తెలివి ఉండాలి.

వాస్తవం: 1995లో హంగరీ శాస్త్రవేత్త తమాష్ విచెక్, సహచరులు కంప్యూటర్‌లో ఉత్త చుక్కలను నడిపించారు. నియమం ఒక్కటే: చుట్టుపక్కల చుక్కల సగటు దిశలో, కాస్త తప్పటడుగుతో సాగాలి. తప్పటడుగులు ఎక్కువైతే ఎవరి దారి వారిది. ఒక హద్దు కంటే తగ్గితే అన్నీ ఒకే దారి పడతాయి. 770 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడిన ఇనుములో పరమాణువుల అయస్కాంతాలు వరుసకు రావడం కూడా ఇలాంటిదే.

అపోహ: ప్రకృతిలో అస్తవ్యస్తత పెరగాలి కాబట్టి, జీవం థర్మోడైనమిక్స్ రెండో సూత్రానికి విరుద్ధం.

వాస్తవం: ఆ అస్తవ్యస్తతకు కొలమానమైన ఎంట్రోపీ తగ్గకూడదన్న షరతు, బయటితో ఏ లావాదేవీ లేని వ్యవస్థకే. ఫ్రిజ్ లోపల చల్లబడుతుంటే వెనక వేడి వెళ్లిపోవడం లేదూ? బయటి నుంచి శక్తి అందితే క్రమం పుట్టగలదు కూడా: 1900లో శాస్త్రవేత్త ఆన్రీ బెనార్ పలుచటి ద్రవాన్ని కింద నుంచి వేడిచేస్తే తేనెపట్టు గదుల్లాంటి ఆకారాలు ఏర్పడ్డాయి. వేడి ఆపితే ఆ అల్లిక చెదిరిపోతుంది. శక్తి ప్రవాహంతోనే నిలిచే ఇలాంటి నిర్మాణాల సిద్ధాంతానికి ఇల్యా ప్రిగోజిన్ 1977లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నారు. మన భూమి మీది జీవానికి ఆ ప్రవాహం ప్రధానంగా సూర్యుడి నుంచి వస్తోంది.

అపోహ: క్రమం ఉన్నచోట మనసు కూడా ఉన్నట్టే.

వాస్తవం: విచెక్ చుక్కలకు క్రమం ఉంది, మనసు లేదు. అయస్కాంతాల గణితంతోనే జాన్ హాప్‌ఫీల్డ్ 1982లో ఒక నెట్‌వర్క్ రూపొందించారు. చెరిగిన బొమ్మ ఇస్తే, నేర్చుకున్న పూర్తి బొమ్మను అది గుర్తు తెచ్చుకోగలదు. 2024 భౌతికశాస్త్ర నోబెల్‌లో ఆయనకు వాటా దక్కింది. మెదడు తన అంచనాకూ ఇంద్రియాలు చెప్పేదానికీ మధ్య తేడాను తగ్గించుకుంటూ పోతుందని నాడీశాస్త్రవేత్త కార్ల్ ఫ్రిస్టన్ వాదన. అయితే జ్ఞాపకానికీ అంచనాకూ సమీకరణం రాయగలిగినా, పంటినొప్పి ఎందుకు ‘నొప్పి’గా తెలుస్తుందన్నది ఇంకా తేలని చర్చే.